కౌజుపిట్ట గుమ్మానికి తంగేడు పూలు

ఊరికి దూరంగా, జొన్నచేనుకీ వాగుకీ మధ్య ఒక పొడవాటి గట్టు ఉంది. మనుషులకి అది ఉత్త గట్టే. దానిమీద కాపురాలు చేసేవాళ్లకి మాత్రం అదో పెద్ద వీధి. మొదట్లో రాళ్లకుప్పలో ఉడత చిట్టెమ్మ, మధ్యలో రెల్లుగడ్డిలో కుందేలు కోటమ్మ, చివర రేగుపొద కింద కౌజుపిట్ట బుచ్చక్క. వీళ్లందరి నెత్తి మీద ఓ తాటిచెట్టు. ఆ చెట్టు తొర్రలో గోరింక సింగారి.

సింగారికి పేరుకు తగ్గ పిచ్చే ఉండేది. ఆ ఏటి పిల్లలకి రెక్కలొచ్చి ఎవరి దారిన వాళ్లు పోయారు. చేతినిండా తీరుబడి. పైగా వానలు వెనకపట్టి, తంగేడు విరగబూసి, గునుగు తెల్లగా తలలెత్తే రోజులు. ఊళ్లో ఆడవాళ్లు గట్టుదాకా వచ్చి ఒడినిండా పూలు కోసుకుపోయి గుమ్మాలకి పెట్టుకుంటుంటే సింగారి వాళ్ల ఇళ్ల చూరు మీద కూర్చుని చూసింది. చూసి ఊరుకుంటే ఆమె సింగారి ఎందుకవుతుంది?

తొర్రకి పైన తంగేడు కొమ్మ దోపింది. పక్కన బెరడు నెర్రెల్లో గునుగు కాడలు వరసగా గుచ్చింది. పగిలిన గురివింద కాయలున్న తీగ ఒకటి తెచ్చి గుమ్మానికి చుట్టింది. ఎవరో తాగి పారేసిన సోడాసీసా మూత ఒకటి దొరికితే దాన్ని గడపలో పెట్టింది. పొద్దున్నే ఎండ దాని మీద పడితే ఇల్లంతా తళతళలాడేది. పైసా ఖర్చు లేదు, రాలినవీ పారేసినవీ తప్ప ఇంకోటి లేదు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. బాగున్నదాన్ని బాగోలేదంటే కళ్లు పోతాయి.

ఉడత చూసి బాగుందంది. కుందేలు మెడ పైకెత్తి చూసి బాగుందంది. దారినపోయే పాలపిట్ట కూడా ఆగి చూసి వెళ్లింది. సింగారి కాలు నేల మీద నిలవలేదు. ఎలాగూ ఆమె కాలు నేల మీద ఉండేది తక్కువే అనుకోండి.

ఈ సందడి వాగు అవతల ఉండే నక్క గంగులు చెవిన పడింది. గంగులు ఆ గట్టు చుట్టూ తిరగని రోజు లేదు. గట్టు మీద పిల్లలున్న ఇళ్లున్నాయని తెలుసు, ఏ ఇల్లు ఎక్కడో మాత్రం తెలీదు. గడ్డి రంగులో గడ్డి, మట్టి రంగులో మట్టి. వాన తడికి వాసనలన్నీ కలిసిపోయి ముక్కు కూడా సాయం చెయ్యలేదు. బుచ్చక్క పొద ముందునుంచే ఎన్నోసార్లు నడిచి వెళ్లాడు, ఆమెని చూడలేదు.

అలాంటివాడు ఓ సాయంత్రం తాటిచెట్టు కిందికి వచ్చి, తలెత్తి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. సింగారే ఉండబట్టలేక ఏంటి బాబాయ్ అలా చూస్తున్నావని అడిగింది. గంగులు నిట్టూర్చాడు. ఊరి చివర ఎన్నో వాకిళ్లు చూశాడట, ఇంత వాటం ఏ ఇంటి ఇల్లాలి చేతికీ లేదట. అసలే తాటిచెట్టు మీద ఉండే పిట్ట, దాన్ని మునగచెట్టు కూడా ఎక్కించాడు. ఎక్కించాక అసలు మాట మెల్లగా తీశాడు. పైన ఇంత అందం ఉంటే కింద వీధి అంతా ఎంత బోసిగా ఉందో చూశావా అన్నాడు. పండగొచ్చినా, పూలొచ్చినా ఆ గుమ్మాలకి పట్టదా అన్నాడు. నువ్వు చెబితే వినకుండా పోతారా, ప్రతి గుమ్మానికీ నాలుగు తంగేడు పూలు పెట్టించు, రేపు సాయంత్రం గట్టు పక్కనుంచి ఒకసారి నడిచి చూసి కళ్లు చల్లబరుచుకుంటా అన్నాడు.

సింగారికి ఆ మాట ఎంతో నచ్చింది. గంగులు బాబాయ్ చెప్పాడని అందరికీ చెప్తానంది.

గంగులు వెంటనే తల అడ్డంగా ఊపాడు. "నా పేరెందుకు తల్లీ? నక్క చెప్పిందంటే మంచిమాట కూడా చెడుతుంది. ఆలోచన నీదే అను. పేరూ నీకే రానీ."

ఇక్కడే ఆగి ఒక్క క్షణం ఆలోచించాల్సింది. పేరొద్దనే నక్కని ఎవరు చూశారు? కానీ పేరు తనకే వస్తుందన్న మాట చెవిలో పడ్డాక సింగారికి వేరే మాట వినపడలేదు.

మర్నాడు పొద్దు పొడుస్తూనే బయల్దేరింది. ఉడతకి ఇలాంటివంటే సరదా, పిల్లాపాపలతో సహా పరుగెత్తి పూలు తెచ్చుకుంది. కోటమ్మ కొంచెం మొహమాటపడినా, నలుగురూ పెట్టుకుంటుంటే మనమే ఎందుకు పెట్టకూడదని పెట్టుకుంది. మిగిలింది బుచ్చక్క.

బుచ్చక్క గుడ్ల మీద కూర్చుని ఉంది. సింగారి పొద ముందు నిలబడి ఎంత వెతికినా మొదట కనపడలేదు. కళ్లు మెరిశాక గానీ అక్కడో మనిషి ఉందని తెలీలేదు. సంగతంతా విని బుచ్చక్క వద్దంది. "మా అమ్మ ఇలాగే ఉంచింది, నేనూ ఇలాగే ఉంచాను. ఎండుగడ్డిలో ఎండుగడ్డిలా ఉంటే ఎవరి కంటా పడం. నీకు తాటిచెట్టు ఉంది సింగారీ. మాకు తాళం గొళ్లెం అన్నీ ఇదే."

సింగారికి కోపమొచ్చింది. ఇంత దూరం దిగొచ్చి చెబితే కాదంటుందా అని. "ఇది ఇల్లా బుచ్చక్కా, ఊడ్చి పడేసిన చెత్తా?" అనేసింది. "రేపు నీ పిల్లలు కళ్లు తెరిచి మొదట చూడాల్సింది దీన్నేనా?"

బుచ్చక్క రెక్క కింద గుడ్ల వైపు ఒకసారి చూసుకుంది. తన ఇంటిని ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చూసిన మొదటి మనిషి చెత్త అంది. చివరికి, నీ ఇష్టం, పెట్టు అని మెల్లగా చెప్పింది.

సింగారి స్వయంగా తన ముక్కుతో పొద మొదట్లో తంగేడు గుత్తులు కట్టింది. అందరి ఇళ్లకన్నా ఆ ఇంటికే రెండు గుత్తులు ఎక్కువ పెట్టింది. పెట్టి, వెనక్కి జరిగి, తల వంచి చూసుకుని, ఇప్పుడు ఇల్లులా ఉందంది. ఉడత వచ్చి చూసి బుచ్చక్క గుమ్మమే అందరికన్నా బాగుందని చెప్పింది. బుచ్చక్క ఆ మాటకి మెడ కాస్త నిటారుగా పెట్టింది.

మధ్యాహ్నం కోటమ్మ పిల్లల్ని తీసుకుని మేతకి జొన్నచేలోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గుమ్మం పూలు చెల్లాచెదురు, గడ్డి తొక్కేసి, పిల్లలు పడుకునే గుంట తవ్వేసి ఉంది. కోటమ్మ ఒక్క క్షణం ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదని అదే అనుకుంటూ పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుంది. ఊరకుక్క ఏదో వచ్చి ఉంటుందని ఉడత అంది. అందరూ అదే అనుకున్నారు. సింగారి కూడా అయ్యో పాపం అని, ఊరకుక్కని రెండు తిట్లు తిట్టి చెట్టెక్కింది.

ఎక్కి, వాగు వైపు చూసింది. గంగులు నీళ్లు తాగుతున్నాడు. తాగి తలెత్తాడు. తడిసిన మీసానికి ఒక పసుప్పచ్చ రేకు అంటుకుని ఉంది.

గంగులు నీళ్లు దులుపుకుని వాగు అవతలి ఒడ్డున మెల్లగా నడిచాడు. ఉడత ఇంటికి ఎదురుగా ఆగాడు, చూశాడు. ఇంకా నడిచి రేగుపొదకి ఎదురుగా ఆగాడు. అక్కడ చాలాసేపు ఆగాడు. తోక ఒకసారి ఊపి, పొద్దువాలితే వద్దామన్నట్టు నీడలోకి పోయి పడుకున్నాడు.

అప్పుడు సింగారి కిందికి చూసింది. నిన్నటిదాకా పైనుంచి ఆ గట్టు ఒకటే గడ్డిచార. ఇవాళ ఇక్కడో పసుప్పచ్చ చుక్క, అక్కడో పసుప్పచ్చ చుక్క. ఇదుగో ఉడత ఇల్లు, అదుగో కోటమ్మ ఇల్లు, ఆ చివర రెండు గుత్తులెక్కువ పెట్టుకుని బుచ్చక్క ఇల్లు. దొంగకి దీపం పట్టి చూపించినట్టుంది. ఆ దీపాలు వెలిగించింది వేరెవరో కాదు. నక్క చేతికందని తాటిచెట్టు మీద కూర్చుని, నేల మీద పడుకునేవాళ్లకి తను ఇళ్లు సర్దింది. చెత్త అన్న మాట గుర్తొచ్చింది. ఎవరూ చూడకపోయినా ముఖం రెక్కలో దాచుకుంది.

అయినా మొదట ఆమెకి తోచింది ఏంటంటే, ఈ సంగతి ఎవరికీ తెలీనక్కర్లేదని. పూలు వాడిపోయాయి, తీసేద్దాం అంటే సరి. ఎవరినీ నొప్పించక్కర్లేదు, తన పేరూ పోదు. సిగ్గు పడ్డవాళ్లు మొదట సిగ్గుని దాచే దారే వెతుకుతారు, ఏం చేస్తాం.

ఉడత ఎందుకని అడక్కుండా తీసేసింది. కానీ బుచ్చక్క తియ్యనంది. పూలు వాడలేదుగా అంది. వాడినా ఉండనీ అంది. పెట్టొద్దన్న మనిషి ఇప్పుడు తియ్యొద్దంటుంటే సింగారి గాలి ఎక్కువగా ఉందనీ, చీమలు పడతాయనీ ఏవేవో చెప్పింది.

బుచ్చక్క ఆమె ముఖంలోకి చూసింది. "నా గుమ్మం నీ గుమ్మం కన్నా బాగుందన్నారని ఏడుపా సింగారీ? నా బతుకులో మొదటిసారి ఎవరో వచ్చి నా ఇల్లు బాగుందన్నారు. నా పిల్లలు బయటికొస్తే ఈ పూలకిందనుంచే రావాలి. తియ్యను."

సింగారికి తల కొట్టేసినట్టయింది. ఎగిరిపోదామనుకుంది. రెక్క విప్పింది కూడా. అప్పుడే పొద లోపల్నుంచి సన్నగా చప్పుడు వినిపించింది. గుడ్లలోంచి పిల్లలు పెంకుని పొడుస్తున్నాయి. బుచ్చక్క ఇవాళ కదలదు, కదల్లేదు. పొద్దు వాలడానికి ఎంతోసేపు లేదు.

సింగారి విప్పిన రెక్క మూసుకుంది. "ఆ ఆలోచన నాది కాదు బుచ్చక్కా. గంగులు చెప్పాడు. పేరు నాకే రానివ్వమన్నాడు, నేను రానిచ్చుకున్నాను. కోటమ్మ ఇంటికి వచ్చింది కుక్క కాదు. వాడి మీసానికి నేను కట్టిన పువ్వు ఉంది. పొద్దువాలగానే నీ దగ్గరికి వస్తాడు."

చెప్పేటప్పుడు ఆమె నేల వైపే చూసింది. ఎప్పుడూ తల వంచి అందం చూసుకునే పిట్ట, తల వంచి మట్టి చూస్తూ నిలబడింది. కోటమ్మ, ఉడత కూడా వచ్చి వెనక నిలబడి అంతా విన్నారని ఆమెకి అప్పుడు తెలిసింది. కోటమ్మ పిల్లల్ని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సింగారికి.

బుచ్చక్క అరవలేదు. "నక్క చెప్పిందని పొద్దున్నే అని ఉంటే, నేను నవ్వి ఊరుకునేదాన్ని" అంది. అంతే అంది. సింగారికి ఆ మాట చాలు, ఏళ్లతరబడి గుర్తుంటుంది.

ఏడుస్తూ కూర్చోవడానికి వేళ కాదు. పూలు తీసేస్తే చాలా అంటే చాలదు. వాడు తిన్నగా ఇక్కడికే వచ్చి గట్టంతా గాలిస్తాడు. ఇల్లు గుర్తుపెట్టుకుని ఉంటాడేమోనని ఉడత భయపడింది. బుచ్చక్క ఆలోచించి కాదంది. వాడు నా ఇంటి ముందునుంచి ఎన్నిసార్లు పోయాడో నాకు తెలుసు, పొదలన్నీ వాడికి ఒకటే, వాడు గుర్తుపెట్టుకుంది పూలని అంది. పూలు ఎక్కడుంటే అక్కడికే వెళతాడు. గట్టు దిగువన ఇలాంటిదే ఇంకో రేగుపొద ఉంది. దాని మొదట్లో పాడుబడ్డ పుట్ట, ఆ పుట్టలో కందిరీగల తుట్టె. ఆ పుట్ట నోటికి పూలు కడితే సరిపోతుంది.

మరి కట్టేదెవరు అని ఎవరూ అడగలేదు. సింగారి అప్పటికే బుచ్చక్క గుమ్మం పూలు విప్పుతోంది.

ఉడత పిల్లలు రాలిన రేకులన్నీ ఒక్కటి మిగలకుండా ఏరారు. కోటమ్మ పిల్లలతో జొన్నచేలోకి వెళ్లిపోయింది. సింగారి గుత్తులు ఒక్కొక్కటే పట్టుకుపోయి పుట్ట నోటి చుట్టూ కట్టింది. చప్పుడు కాకుండా, ఊపిరి బిగబట్టి కట్టింది. పొద్దున కట్టినప్పుడు ఎంత శ్రద్ధగా కట్టిందో అంత శ్రద్ధగానూ కట్టాలి, లేకపోతే గంగులు నమ్మడు. చివరి గుత్తి ముడి వేస్తుంటే కాపలా కందిరీగ ఒకటి వచ్చి కంటి కింద కుట్టింది. కళ్లు బైర్లు కమ్మాయి. అరిస్తే తుట్టె మొత్తం లేస్తుంది. ముడి వేసే వెళ్లింది.

పొద్దు వాలింది. గంగులు వాగు దాటి, ఒళ్లు దులుపుకుని, పెద్దమనిషిలా తాటిచెట్టు కిందికి వచ్చాడు. సింగారి వాచిన కన్ను చెట్టు వైపు తిప్పుకుని, రెండో కన్నుతో చూసింది. నిన్నటి గొంతుతోనే మాట్లాడాలి. మాట్లాడింది. ఆ తియ్యటి గొంతు తనదేనంటే తనకే రోత పుట్టింది.

అందరిళ్ల పూలూ గాలికి పోయాయి బాబాయ్, బుచ్చక్క గుమ్మం ఒక్కటే నిలిచిందని చెప్పింది. "బయటినుంచి చూసి వెళ్లిపోకు బాబాయ్. లోపల ఇంకా బాగా సర్దింది. కాస్త వంగి చూడాలి."

గంగులు ముఖం వెలిగిపోయింది. ఇల్లాలి ముచ్చట కాదనగలమా అన్నాడు. వాడికి కావలసిన మాట వాడి నోటితో అడగకుండానే వచ్చింది మరి. గట్టు పక్కన నడిచి పైపొద దాటిపోయాడు. ఆ పొదలో బుచ్చక్క ఊపిరి కూడా తీసుకోకుండా కూర్చుని ఉంది. వాడి తోక ఆమె గుమ్మానికి రాసుకుంటూ పోయింది. ఎండుగడ్డి ఎండుగడ్డిలాగే ఉంది. వాడు ఆగలేదు.

దిగువ పొద దగ్గర పసుప్పచ్చగా పూలు కనిపించాయి. గంగులు అటూ ఇటూ చూసి, వంగి, మూతి మొత్తం లోపలికి దూర్చాడు.

తర్వాత వినిపించిన కేకకి ఊళ్లో కుక్కలన్నీ లేచాయి. కందిరీగల్ని మీసాల నిండా వేసుకుని గంగులు గట్టు మీంచి దొర్లి, ముళ్లలో పడి, లేచి, వాగులో దూకాడు. తల పైకెత్తితే కందిరీగలు, కిందికి పెడితే నీళ్లు. ఎలాగో అవతలి ఒడ్డు చేరేసరికి ముఖం బూరెలా పొంగి, చిన్న కళ్లు రెండూ లోపలికి పోయాయి. ఆ తర్వాత వాడు గట్టు వైపు రాలేదు. తంగేడు పూసిన చోట దారి మార్చుకుని పోతాడని చెప్పుకుంటారు.

ఉడత పిల్లలు గంతులేశారు. సింగారత్త తెలివే తెలివి అన్నారు. సింగారి వాళ్ల వైపు చూడలేకపోయింది. తెలివి బుచ్చక్కదని చెప్పింది. ఈసారి ఎవరి మాట వాళ్ల పేరునే చెప్పింది. చెప్పి, తొర్రలోకి పోయి, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది.

తెల్లారాక ఉడత పిల్ల ఒకటి వచ్చి, బుచ్చక్క రమ్మంటోందని చెప్పింది. సింగారికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. కన్ను బాలేదని చెప్పమంది. కన్ను బాగోకపోయినా రమ్మంది అని పిల్ల మళ్లీ వచ్చింది. ఇక తప్పక దిగింది. పొద ముందు, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, బుచ్చక్కా అని పిలిచింది.

"అక్కడ కాదు, లోపలికి రా" అంది బుచ్చక్క.

సింగారి ఇన్నాళ్లలో ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు. రెక్కలు దగ్గరికి ముడిచి, నడుం వంచి, ముళ్లకొమ్మ కింద దూరింది.

లోపల పొడిగా, వెచ్చగా ఉంది. అడుగున ఎండు రెల్లు ఒకే వైపు తల ఉండేలా పరిచి ఉంది. దానిమీద మెత్తటి గడ్డిపరకలు చుట్టూ తిప్పి, చుట్టు మీద చుట్టు అల్లి ఉన్నాయి. అంచుకి ఏటవాలుగా ఎండిన రేగాకులు, ఒకదాని మీద ఒకటి, నీళ్లు జారిపోయేటట్టు. అన్నిటికీ మధ్యలో బుచ్చక్క తన పొట్ట మీదివే పీకి పరిచిన ఈకలు. పైన కొమ్మల సందుల్లోంచి ఎండ సన్నటి చారలుగా పడుతుంటే, ఆ చారల్లో ఇంకా తడారని పిల్లలు, ఒంటినిండా అవే చారలతో. గోడకి, బయటికి ఏమాత్రం కనపడని చోట, ఒకే ఒక్క తంగేడు రెమ్మ గుచ్చి ఉంది. నిన్న విప్పేటప్పుడు సింగారి ముక్కునుంచి జారిపోయింది అది.

ఒక పిల్ల తూలుకుంటూ వచ్చి, సింగారి వాచిన కన్ను వైపు వింతగా చూసింది.

"బాగుందా?" అని అడిగింది బుచ్చక్క. ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగింది.

సింగారి లోపలంతా ఇంకోసారి చూసింది. చెత్త అన్న ఇల్లు ఇదీ. గడపలో నిలబడి తను చూసింది తలుపునే, ఇల్లు పుట్టినప్పట్నుంచీ లోపల ఇలాగే ఉంది. బాగుందని చెప్పడానికి కూడా తనకి అర్హత లేదనిపించింది. కన్నీళ్లొచ్చాయి, వాచిన కంటికి ఉప్పు తగిలి మండింది. తల వంచుకునే నిలబడింది. ఆ ఇంట్లో ఎలాగూ తలెత్తే చోటు లేదు.

కాబట్టి పిల్లలూ, తాటిచెట్టు మీద ఉండేవాళ్లు నేల మీది ఇంటికి అందం చెప్పబోయే ముందు, ఒకసారి కిందికి దిగి, నడుం వంచి, లోపలికి వెళ్లి చూడాలి.